పిల్ల దగ్గితే అందరూ తల్లినే అడుగుతారు

మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు నేనొక లెక్కల పుస్తకం మొదలుపెట్టాను. పాలవాడి లెక్క రాసుకునే పుస్తకంలోనే, వెనక పేజీల నుంచి. ఏ రోజు దగ్గింది, రాత్రి ఎన్ని గంటలకి లేచి కూర్చుంది, పిల్లికూతలు వచ్చాయా లేదా, ఇవన్నీ రాయమన్నారు డాక్టరుగారు. వాటి పక్కన ఇంకో గడి నా అంతట నేనే గీసుకున్నాను. ఆ రోజు ఏం తినిందో రాసుకోవడానికి. "ద్రాక్షపళ్లు ఆరు", "రాత్రి పెరుగన్నం", "పక్కింట్లో పుట్టినరోజు, ఐస్‌క్రీం ఒక చెంచా". ఆ చెంచా కింద రెండుసార్లు గీత కూడా గీశాను.

ఎందుకంటే అందరూ అడిగేది అదే కదా. అత్తయ్య అడిగేవారు, మా అమ్మ ఫోనులో అడిగేది, అపార్టుమెంటు మెట్ల మీద ఎదురైన వాళ్లు అడిగేవాళ్లు. "ఏం తినిపించావ్?" తలంటు పోసి సరిగ్గా ఆరబెట్టావా? ఫ్యాను కింద పడుకోబెట్టావా? చల్లటి నీళ్లు పట్టావా? పిల్ల ఛాతీలో కూత, తీర్పు మాత్రం తల్లి మీద.

మొన్న అటక సర్దుతుంటే ఆ పుస్తకం దొరికింది. అమ్మాయి ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. పని పక్కన పెట్టి కింద కూర్చుని మొత్తం చదివాను. చదివాక ఒక సంగతి తట్టి మనసంతా అదోలా అయిపోయింది. రెండేళ్ల పుస్తకంలో తిండి ప్రతి పేజీలో ఉంది. గాలి ఒక్క పేజీలోనూ లేదు. ఆ రోజు వీధిలో ఏం తవ్వారో, భోగిమంట ఎక్కడ వేశారో, దోమల చక్రం వెలిగించానో లేదో, ఒక్క ముక్క రాయలేదు. పిల్ల రోజుకి మూడుసార్లు తింటుంది, నిమిషానికి పాతిక సార్లు గాలి పీలుస్తుంది. నేను ఆ మూడింటినే పట్టుకు కూర్చున్నాను.

అందుకే ఈసారి మా ఇంటి గాలి చరిత్ర రాయాలనిపించింది. బి.ఏ.లో రాజుల చరిత్ర చదివాం, కవుల చరిత్ర చదివాం. మూడు తరాలు మనం పీల్చిన పొగ చరిత్ర ఏ పాఠంలోనూ చదవలేదు.

మా అమ్మమ్మ వాళ్లది పామర్రు దగ్గర ఊరు. పెరట్లో తాటాకు వంటపాక. రెండు పొయ్యిలు, ఒక దాలిగుంట. కళ్లాపి చల్లడం అయ్యాక అమ్మమ్మ కందికంప విరిచి పొయ్యి రాజేసేది. వానాకాలం కట్టెలు తడిసి ఉంటే ఊదుగొట్టంతో ఊదీ ఊదీ కళ్లు చింతనిప్పుల్లా అయ్యేవి. దాలిలో పిడకల సెగ మీద పాలు సాయంత్రం దాకా కాగేవి. ఎర్రటి మీగడ, దానికి కాస్త పొగవాసన. ఆ పెరుగు కోసం ఇప్పటికీ ప్రాణం లాగుతుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి? పాక లోపల తాటాకులు మసి పట్టి నల్లగా నిగనిగలాడుతుండేవి. చంటిపిల్ల ఉంటే తల్లి చంకలో, లేదంటే పొయ్యికి రెండడుగుల దూరంలో బొంత మీద ఉండేది. వంట చేసే మనిషి చూపు పిల్ల మీద ఉండాలి కదా మరి.

అమ్మమ్మకి ఐదుగురు పుడితే నలుగురు మిగిలారు. మూడోవాడు పదినెలలప్పుడు నెమ్ము చేసి పోయాడు. డొక్కలు ఎగరేస్తున్నాడని బండి కట్టుకుని గుడివాడ బయల్దేరారట. దారిలోనే అయిపోయింది. తాతయ్య వాళ్ల అమ్మ అప్పుడు ఒక మాట అంది. "కాలవలో బట్టలుతికి వచ్చి ఆ చలవ మీదే పాలిచ్చింది, చేతులారా బిడ్డని పోగొట్టుకుంది." ఆ మాటని అమ్మమ్మ 80 ఏళ్లు వచ్చే దాకా మోసింది. మనవరాళ్లలో ఎవరికి పురుడొచ్చినా, "కాలవ నుంచి వచ్చిన వెంటనే బిడ్డకి పాలివ్వకండే" అని జాగ్రత్త చెప్పేది. మేమంతా కుళాయి తిప్పుకునే వాళ్లం. నవ్వుకునేవాళ్లం. అది జాగ్రత్త కాదనీ, యాభై ఏళ్లుగా ఆవిడ తనకి తాను వేసుకుంటున్న శిక్ష అనీ నాకు నా పిల్ల దగ్గిన తరువాత గానీ తెలియలేదు.

అమ్మమ్మకి చివరి రోజుల్లో ఆయాసం ఎక్కువైతే విజయవాడ తీసుకొచ్చి ఛాతీ డాక్టరుకి చూపించాం. ఎక్స్‌రే చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న "మామ్మగారికి చుట్ట అలవాటుందా?" అమ్మమ్మకి ఎంత కోపం వచ్చిందంటే, ఆయాసంలోనే ఆయన్ని కడిగేసింది. ఆయన నొచ్చుకోలేదు. "వంట దేని మీద చేసేవాళ్లమ్మా?" అన్నారు. "కట్టెల మీద నాయనా, ఇంకెలా చేస్తారు?" ఆయన తల పంకించి కాగితం మీద ఏదో రాసుకున్నారు. అంతే. ఆ ప్రశ్న అడగడానికి మన ఇళ్లలో ఒక మనిషి జీవితం పట్టింది.

అయితే ఆ ప్రశ్న ముందే అడిగినవాళ్లు లేకపోలేదు. మన హైదరాబాదులోనే ఉన్నారు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో పనిచేసిన ఎస్.పి. రాజుగారు పొగలేని పొయ్యి ఒకటి తయారుచేశారు. మట్టితో కట్టుకునేది, ఒక మంట మీదే రెండు మూడు గిన్నెలు ఉడికేవి, పొగ గొట్టంలోంచి ఇంటి పైకి పోయేది. 1953లో ఆయన దాని మీద ఇంగ్లీషులో చిన్న పుస్తకం కూడా వేశారు. 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' దాని పేరు. లక్షలాది వంటిళ్లకు పొగ బాధ తప్పాలన్నది ఆయన కోరిక. ఆనకట్టలు, ప్రాజెక్టులు తప్ప ఇంకేమీ కనపడని ఆ రోజుల్లో ఒక ఇంజనీరు ఆడవాళ్ల కళ్ల నీళ్ల గురించి ఆలోచించారంటే నాకు దణ్ణం పెట్టాలనిపించింది.

ఆ తరువాత కేంద్ర ప్రభుత్వం 1983లో మెరుగైన పొయ్యిల పథకం పెట్టింది. దాదాపు ఇరవై ఏళ్లలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచారు. చాలా చోట్ల గొట్టాలు పగిలాక బాగుచేసే దిక్కులేక మూలపడ్డాయి. ఆ 1980ల్లోనే కిర్క్ స్మిత్ అనే అమెరికా శాస్త్రవేత్త గుజరాత్ పల్లెల్లో వంటచేసే ఆడవాళ్ల దగ్గర పరికరాలు పెట్టి, వాళ్లు పీల్చే పొగ ఎంతో కొలిచారు. పొగ ఉందని అందరికీ తెలుసు, ఎంత ఉందో కొలిచినవాళ్లు అప్పటికి చాలా తక్కువ. ఆయన బృందమే తరువాత గ్వాటెమాలా కొండ ఊళ్లలో సగం ఇళ్లకి పొగగొట్టం పొయ్యిలు ఇచ్చి, సగం ఇళ్లని పాత పొయ్యిల మీదే ఉంచి చూసింది. 2011లో ఫలితాలు వచ్చాయి. గొట్టం ఉన్న ఇళ్లలో పసిపిల్లలు పీల్చే పొగ సగానికి తగ్గింది. ప్రాణం మీదికి తెచ్చే రకం నిమోనియా మూడో వంతు దాకా తగ్గింది.

ఇది చదివిన రోజు నాకు ఆ పదినెలల మామయ్యే గుర్తొచ్చాడు. ఆయన పొగ వల్లే పోయాడని నేను చెప్పను. ఆ రోజుల్లో నెమ్ముకి వంద కారణాలు, మందులూ లేవు. కానీ ఆ వంద కారణాల్లో పొగ పేరు ఎవరి నోటా రాలేదు. అమ్మమ్మ తడిచేతుల పేరు మాత్రం వచ్చింది.

వంటింటి పొగని చివరికి గ్యాస్ బండ తరిమింది. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. దేశమంతా ఉజ్వల పేరుతో ఇవ్వడం మొదలైంది 2016లో. గ్యాస్ మీద అన్నం రుచుండదని, కడుపులో గ్యాస్ పడుతుందని పెద్దవాళ్లు గొణిగారు. మీ ఇంట్లోనూ అన్నారు కదూ? కానీ ఒకసారి మసిగుడ్డ పక్కన పడేసిన చెయ్యి మళ్లీ కట్టెల వైపు పోవడానికి ఇష్టపడలేదు. బండ ధర పెరిగినప్పుడు పోవలసి వచ్చిన చేతులు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.

ఇక నా కథ. పెళ్లయి విజయవాడ సత్యనారాయణపురం వచ్చినప్పుడు పొగ బాధ పల్లెలోనే వదిలేశాననుకున్నాను. మా అత్తయ్య చెప్పేవారు, వాళ్లు కాపురానికి వచ్చిన కొత్తలో ఇంటి దగ్గర రైలుపట్టాలు ఉండేవట, బొగ్గు ఇంజను వెళ్లాక దండెం మీద తెల్లపంచెలు మళ్లీ ఉతుక్కోవాల్సి వచ్చేదట. ఇప్పుడు ఆ పట్టాల చోట బి.ఆర్.టి.ఎస్. రోడ్డు ఉంది. ఇంజను పొగ నల్లగా కనపడేది, దాన్ని తిట్టుకోవడానికి వీలుండేది. రోడ్డు మీది పొగ కళ్లకి ఆనదు. అరుగు తుడిచిన గంటకే వేలితో గీస్తే గీత పడుతుంది, అంతే.

బెజవాడ పుట్టుకే అలాంటిది. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట, 1888కల్లా రైలు. రెండు జాతీయ రహదారులు బెంజి సర్కిల్ దగ్గర కలుస్తాయి, ఒకటి చెన్నై నుంచి కలకత్తాకి, ఇంకోటి హైదరాబాదు నుంచి బందరుకి. దేశంలో లారీ అనే మాట వినపడితే ఆటోనగర్ గుర్తుకు రావాల్సిందే. ఊరికి అన్నం పెట్టింది ఈ కూడలే. పొగ పెట్టిందీ ఈ కూడలే. చుట్టూ ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండలు. చలికాలం తెల్లవారుజామున గాలి కదలకపోతే కింది పొగ కిందే ఉండిపోతుంది, మూత పెట్టిన గిన్నెలో ఆవిరిలా.

1979 నుంచి ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం కరెంటు ఇస్తోంది. ఇప్పుడు దాన్ని నార్ల తాతారావుగారి పేరుతో పిలుస్తున్నాం. మన ఇళ్లలో మిక్సీ, ఫ్రిజ్జు తిరగడానికి కారణం అది. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, తరచు మూడో వంతు దాకా ఉంటుంది. అందుకే 1999లో కేంద్రం ఆ బూడిదని ఇటుకలకీ సిమెంటుకీ వాడి తీరాలని నిబంధన తెచ్చింది. థర్మల్ కేంద్రాల పొగగొట్టాల్లోంచి వచ్చే వాయువులకి 2015 డిసెంబరులో కొత్త పరిమితులు పెట్టారు, గడువులు మాత్రం ఏళ్ల తరబడి వాయిదా పడుతూ వచ్చాయి. పొద్దున్నే ఇడ్లీ పిండి రుబ్బుకునే నాకు ఈ కథలో భాగం లేదని ఎలా అనగలను? మీట నొక్కేది నేనే కదా.

అటువైపు దొనబండ, పరిటాల వైపు కంకర క్వారీలు. ఇటువైపు డెల్టా పొలాలు. ఈ పొలాల సంగతి నాకు బాగా తెలుసు కాబట్టి కాస్త చెబుతాను. మా చిన్నప్పుడు గడ్డి బంగారం. కోత కోసి, కుప్పలేసి, నూర్చి, గడ్డి వామి పెట్టేవాళ్లు. వామి ఎంత పెద్దదైతే ఆ ఇంటికి అంత పరువు. పిల్లనిచ్చేవాళ్లు కూడా వామిని చూసేవాళ్లు. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు పోయాయి, కోతమిషను వచ్చాక గడ్డి పొలంలోనే చెల్లాచెదురుగా మిగిలిపోయింది. దాన్ని ఎత్తించడానికి కూలి గిట్టదు. తరువాతి పంటకి టైము లేదు. అగ్గిపుల్ల ఖరీదు తక్కువ. సార్వా కోతల తరువాత సాయంత్రం పూట గుడివాడ వైపు బస్సులో వెళితే పొలాల్లో మంటలు బారులు తీరి కనపడతాయి. మా తమ్ముడూ రైతే. వాడిని తిడితే "నువ్వు వచ్చి ఎత్తు అక్కా" అంటాడు. వాడి మాటా తప్పు కాదు. రైతుకి తగలబెట్టడం కంటే చవకైన దారి ఎవరైనా చూపించాలి.

ఇన్నింటి మధ్య మా అమ్మాయి 2008లో పుట్టింది. ఆ పిల్లకి మేం ప్రేమగా చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? రోజూ స్నానం అవగానే సాంబ్రాణి ధూపం. కుంపట్లో నిప్పులు వేసి, సాంబ్రాణి చల్లి, తడి జుట్టుని ఆ పొగ మీద పట్టేవారు అత్తయ్య. ఆ వాసనకి ఇల్లంతా పండగలా ఉండేది. రాత్రయితే దోమలు, బెజవాడ దోమల గురించి మీకు చెప్పక్కర్లేదు. మంచం కింద చక్రం. ఒక్క దోమల చక్రం కాలితే వచ్చే సన్నటి నుసి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినప్పుడు వచ్చేదానితో సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. ఇంట్లో ఎవరైనా సిగరెట్టు వెలిగిస్తే నేను ఊరుకునేదాన్ని కాదు. చక్రం మాత్రం నా చేతుల్తోనే వెలిగించాను.

పిల్లలకే ఎందుకు ఎక్కువ బాధ అని డాక్టరుగారిని అడిగితే ఓపిగ్గా చెప్పారు. బరువుతో పోలిస్తే పిల్లలు మనకంటే ఎక్కువ గాలి పీలుస్తారు. వాళ్ల గాలిగొట్టాలు సన్నం, కాస్త వాచినా దారి మూసుకుపోతుంది. ఎత్తు తక్కువ కాబట్టి బండి పొగగొట్టానికి వాళ్ల ముక్కు దగ్గర. పైగా ఊపిరితిత్తులు పుట్టగానే పూర్తయ్యే వస్తువు కాదు, యవ్వనం దాకా పెరుగుతూనే ఉంటాయి. తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండని నుసి ఉంటుంది, దాన్నే పి.ఎం. 2.5 అంటారు. అది ముక్కులో ఆగదు, గొంతులో ఆగదు, లోపలి గదుల దాకా పోతుంది. ప్రపంచంలో 15 ఏళ్లలోపు పిల్లల్లో నూటికి 93 మంది మితిమీరిన నుసి ఉన్న గాలినే పీలుస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. మనవాళ్లు ఒక్కళ్లే కాదన్నమాట. అది ఓదార్పో, భయమో నాకు తెలియలేదు.

పాల ఉబ్బసం అని తేలాక ఇన్‌హేలర్ రాశారు. ఇక చూడండి. "అమ్మో, అది అలవాటైపోతుంది" అని ఒకరు. "ఆడపిల్ల, రేపు సంబంధాలప్పుడు ఎవరైనా చూస్తే?" అని ఇంకొకరు. నాలుగేళ్ల పిల్లకి సంబంధాలట! సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాట నా మీద కూడా పనిచేసింది. కొన్నాళ్లు చుట్టాలొస్తే ఇన్‌హేలర్‌ని పప్పుల డబ్బాల వెనక దాచాను. ఓ శ్రావణ శుక్రవారం ఇంటి నిండా పేరంటాళ్లు. అగరొత్తులు, హారతి, ధూపం. పిల్ల నా చీర పట్టుకుని లాగింది. పెదాలు నీలంగా ఉన్నాయి. డబ్బాల వెనక చెయ్యి పెట్టి వెతికిన ఆ అర నిమిషం నేను బతికినంత కాలం మర్చిపోను. ఆ రోజు నుంచి అది దేవుడి గది పక్క గూట్లో అందరికీ కనపడేలా ఉంది. ఇన్‌హేలర్‌లో మందు మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా ఊపిరితిత్తులకే వెళుతుంది. అలవాటు పడాల్సింది మనమే, దాన్ని నలుగురిలో తియ్యడానికి.

మృగశిర కార్తె నాడు హైదరాబాదు చేపమందుకి తీసుకెళ్లమని కూడా చాలామంది చెప్పారు. బత్తిని వారి కుటుంబం 1845 నుంచి ఇస్తున్నామని చెబుతారు, నోట్లో కొర్రమీను పిల్లతో మందు. దానికి శాస్త్రీయమైన రుజువు లేదని వైద్యులు ఎన్నోసార్లు అన్నారు. మేం వెళ్లలేదు. కానీ టీవీలో ఆ వరుసల్ని చూసినప్పుడల్లా పిల్లల్ని ఎత్తుకుని రాత్రంతా నిలబడ్డ తల్లుల మొహాలే కనపడతాయి నాకు. వాళ్లందరినీ ఎవరో ఒకరు అడిగే ఉంటారు, ఏం తినిపించావని.

పొగ చరిత్ర తిరగేస్తే నాకు ఒకటి అర్థమైంది. ఎక్కడ తగ్గినా, దాన్ని ఎవరో కొలిచాకే తగ్గింది. లండన్‌లో 1952 డిసెంబరులో ఐదు రోజులు పొగమంచు కమ్మింది. నాలుగు వేల మంది పోయారని ముందు లెక్కేశారు, తరువాతి లెక్కలు పన్నెండు వేల దాకా వెళ్లాయి. 1956లో అక్కడ గాలి చట్టం వచ్చింది. మనకి గాలి చట్టం 1981లో వచ్చింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా పెట్రోల్లో సీసం పోయింది, పిల్లల మెదడుకి చేటు చేసేది. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.-6 ఇంధనం వచ్చింది, గంధకం అంతకుముందు ఇంధనంలో ఉన్నదాంట్లో ఐదో వంతే. ఇవన్నీ మన ఇంటి ముందు నుంచే వెళ్లిన మార్పులు, మనకి ఎవరూ పిలిచి చెప్పలేదు. నల్లపొగ ఆటోల వెనక ముక్కు మూసుకున్న మనం, ఆ పొగ తగ్గినప్పుడు ముక్కు మీద చెయ్యి తీసేశాం, అంతే.

2019లో జాతీయ స్వచ్ఛ వాయు పథకం మొదలైనప్పుడు, గాలి ప్రమాణాలు అందుకోలేని ఊళ్ల జాబితాలో మన విజయవాడ, గుంటూరు కూడా ఉన్నాయి. పరీక్ష తప్పినవాళ్ల జాబితా లాంటిదే. మన దేశం 2009లో పెట్టుకున్న ప్రమాణం ప్రకారం పి.ఎం. 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకి 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది 5. ఎనిమిది రెట్లు తేడా. మన పిల్లల ఊపిరితిత్తులు ఎనిమిది రెట్లు గట్టివని ఎవరూ రుజువు చేయలేదు.

భయపెట్టి వదిలేయడం నాకు ఇష్టం లేదు. కాబట్టి అమెరికాలో కాలిఫోర్నియా పిల్లల సంగతి చెప్పాలి. లాస్ ఏంజిలస్ చుట్టుపక్కల స్కూళ్లలో 11 నుంచి 15 ఏళ్ల పిల్లల ఊపిరితిత్తుల ఎదుగుదలని 1990ల నుంచి ఏళ్ల తరబడి కొలిచారు. చట్టాల వల్ల అక్కడి గాలి మెరుగవుతూ వచ్చింది. 2015లో ఫలితాలు చెప్పారు. ఊపిరితిత్తుల సామర్థ్యం బాగా తక్కువ ఉన్న పిల్లలు మొదటి గుంపులో నూటికి దాదాపు 8 మంది ఉంటే, చివరి గుంపులో నాలుగు కంటే తక్కువయ్యారు. అదే ఊళ్లు, గాలి మారింది, పిల్లల ఛాతీలు మారాయి. ఏ తల్లీ ద్రాక్షపళ్లు లెక్కపెట్టకుండానే.

ఇంకో తల్లి కథ. లండన్‌లో పెద్ద రోడ్డుకి పాతిక మీటర్ల దూరంలో ఉండే ఎల్లా అనే తొమ్మిదేళ్ల పాప 2013లో ఉబ్బసంతో చనిపోయింది. 2014లో విచారణ జరిపి తీవ్రమైన ఉబ్బసం అని రాసి మూసేశారు. తల్లి రోజమండ్ ఊరుకోలేదు. ఉబ్బసం ఎందుకు అంతగా ముదిరిందో చెప్పండి అని కోర్టుకెక్కింది. కొత్త విచారణలో 2020 డిసెంబరులో, ఆ పాప మరణానికి గాలి కాలుష్యం కూడా ఒక కారణమని అధికారికంగా రాశారు. అలా రాయడం ప్రపంచంలో అదే మొదటిసారి అంటారు. పాప తిరిగి రాలేదు. కానీ ఆ కాగితంలో కారణాల దగ్గర గాలి పేరు చేరింది. మా అమ్మమ్మకి దక్కనిది అదే.

మా ఇంట్లో ఏం మార్చుకున్నామో కూడా చెబుతాను. చక్రం మానేసి దోమతెర కట్టాం. సాంబ్రాణి పండగలకే, అదీ వాకిట్లో. పొడి చీపురు బదులు తడిగుడ్డ. స్కూలు బస్సులు, ఆటోలు బారులు తీరే టైములో వీధి వైపు కిటికీ మూసి, మధ్యాహ్నం తెరుస్తాం. భోగికి మా వీధిలో పాత టైర్లు వెయ్యనివ్వం, పిడకల దండలు మాత్రమే. చెత్త తగలబెడితే జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పిందని ఊడ్చే అమ్మాయికి కాదు, ఆకులు తగలబెట్టమని ఆమెకి చెప్పేవాళ్లకి చెప్పాను. ఇవన్నీ గడప లోపలి పనులు. గడప బయట గాలిని నేనొక్కదాన్నే తడిగుడ్డతో తుడవలేను. దానికి కార్పొరేషన్ని అడగాలి, ఓటడిగేవాళ్లని అడగాలి. నీళ్లు రాకపోతే బిందెలతో రోడ్డెక్కుతాం కదా, గాలికి బిందె లేదని ఊరుకుంటున్నాం.

అటక మీద దొరికిన పుస్తకం అమ్మాయికి చూపించాను. ఐస్‌క్రీం చెంచా కింద రెండు గీతలు చూసి పగలబడి నవ్వింది. తరువాత నా మొహం చూసి నవ్వడం ఆపింది. పెన్ను తీసుకుని కొత్త పేజీలో తేదీ వేసి, మూడు గడులు గీసింది. దగ్గు, తిండి, గాలి. ఫోనులో సమీర్ అనే యాప్ తెరిచింది. కాలుష్య నియంత్రణ మండలి వాళ్లది, మన ఊరి గాలి అంకె అందులో తెలుస్తుంది. ఆ రోజు అంకె చూసి మూడో గడిలో వేసింది. తిండి గడిలో "అమ్మ చేసిన పులిహోర, రెండుసార్లు" అని రాసింది.

అమ్మమ్మ ఉంటే ఆ మూడో గడి ఏమిటని అడిగేది. చెప్పాలని ఉంది, "ఇది మన తప్పు కాని వాటికోసం అమ్మమ్మా" అని.

మీకు ఒక్క మనవి. మెట్ల మీదో, పేరంటంలోనో చంకలో దగ్గే పిల్లతో ఒక చిన్న వయసు తల్లి ఎదురైతే, "ఏం తినిపించావ్?" అని అడగకండి. పిల్లని కాసేపు మీరు ఎత్తుకుని, ఆమెని కూర్చోమనండి. రాత్రంతా నిద్రపోయి ఉండదు.